కారు కట్టిన లెక్క

కొండమీద స్వామివారి కల్యాణానికి ఇంకా నలభై కిలోమీటర్లుంది. పెట్రోలు బంకులన్నీ వెనకే ఉండిపోయాయి.

“పెట్రోలూ, బ్యాటరీ కలిపి నలభై రెండు కిలోమీటర్లు వస్తుంది. మీరు నడిపితే ముప్పై ఒకటే,” అంది కారు. ఈ కాలపు కార్లు మనిషిని కూడా లెక్కలో వేసుకుంటాయి.

శేషాచలపతి గారికి పౌరుషం వచ్చింది. “నేనేం చేశాననీ?”

“కనబడ్డ ప్రతి ఆంజనేయస్వామి గుడికీ కారుతోనే ఊరంతా చుట్టి మూడు ప్రదక్షిణలు చేస్తారుగా,” అంది భార్య వకుళమ్మ. “ఇవాళ పీటల మీద కూర్చునేది మనమేనండీ!”

“ఒట్టు, ఎక్కడా తిప్పను.”

మొదటి గుడిని తల తిప్పుకుని దాటేశారు. ఆ అపరాధం మనసును తొలుస్తుంటే రెండో గుడికి ఆరు ప్రదక్షిణలు చేశారు.

కొండదారిలో సరిగ్గా ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర కారు ఆగిపోయింది.

వకుళమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని విసవిసా నడక మొదలుపెట్టింది. ఆయన కొండవైపు దండం పెట్టారు.

“నన్నింతగా ఎరిగినవాడివి నువ్వొక్కడివే అనుకున్నాను స్వామీ!”