గేటు ప్రశ్న

“మళ్ళీ తప్పంటోందమ్మా! ఇంకోసారి తప్పు కొడితే ఖాతానే మూసేస్తానని బెదిరిస్తోంది కూడా!”

ఫోన్‌లో అరుస్తున్నది రిటైరైన లెక్కల టీచరమ్మ. కళ్ళద్దాల షాపావిడ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కస్టమర్ ఇచ్చిన అద్దాలు తుడుస్తూ, కౌంటర్ మీది కంప్యూటర్‌కేసి చూసింది. పొద్దున్నుంచి మెసేజ్‌లన్నిటిదీ ఒకటే ఏడుపు. లోపలికి వెళ్ళలేకపోతున్నాం.

షాపు ఆమె బతుకుతెరువు. ప్రాణం మాత్రం ఫోరం. ఒక నేర నవలల రచయిత్రి అభిమానులంతా కలిసి ఆన్‌లైన్‌లో నడుపుకుంటున్నది. దాని పెత్తనం ఈమెది. అందులోకి రావడానికి పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. ఆవిడ నవలల మీద ఒక ప్రశ్నకి జవాబు కూడా కొట్టాలి. దాన్ని గేటు ప్రశ్న అంటారు. పుస్తకం చదవనివాడు గేటు దాటకూడదని వాళ్ళ పంతం.

ఇవాళ్టి ప్రశ్న: జడ్జిని చంపింది ఎవరు?

“సవతి తమ్ముడే కదమ్మా? ఆఖరి పేజీలో వాడే ఒప్పుకుంటాడుగా! ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు.”

“మీ తప్పేం లేదు టీచరమ్మా. కాస్త ఓపిక పట్టండి.”

పెట్టీ పెట్టగానే ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి సాక్షాత్తూ రచయిత్రే.

“ఎవరైనా లోపలికి వచ్చారా?”

“ఇంకా ఒక్కరూ రాలేదమ్మా.”

“సాయంత్రం దాకా చూస్తాను. ఆ తర్వాత నీ ఫోరం మూయించడం తప్ప నాకు వేరే దారి లేదు.”

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. జడ్జి కథకి రెండో భాగం రాసింది. అది ఇంకా ప్రెస్సు గడప తొక్కలేదు. అయినా ‘కాకి’ అనే పేరుతో ఎవరో దాన్ని రోజుకో అధ్యాయం చొప్పున ఫోరంలో పెట్టేస్తున్నారు. ఇక మిగిలింది ఆఖరిదే. అదీ బయటపడితే పుస్తకం కొనే నాథుడుండడు.

తలుపు తోసుకుని షాపావిడ బావగారు వచ్చాడు. భర్తకి అన్న. కంప్యూటర్లు రిపేరు చేస్తాడు. ఊళ్ళో సగం కంప్యూటర్లు ఆయన చేతిలో చచ్చి బతికినవే, రచయిత్రిదానితో సహా. ఫోరంలో ఈమె తర్వాత ఆయనే పెద్ద. ఎవరైనా పేజీ నంబరు తప్పు చెబితే భోజనం మానేసైనా సరిదిద్దుతాడు.

“ఏంటమ్మాయ్, అందరినీ బయట నిలబెట్టి తలుపేసేశావట?”

“నేనేం చేశాను బావగారూ! పొద్దున్నుంచి ఇదే గోల. సాయంత్రం ఆవిడ అందరితో మాట్లాడతానన్నారు. ఎవరూ లేకపోతే ఫోరానికి అదే ఆఖరి రోజు.”

“మొత్తుకోకు. అలా జరుగు.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బ్రౌజర్‌లో పేరుకున్న పాత కుకీలు తుడిచేశాడు. సర్వర్‌ని ఆపి మళ్ళీ లేపాడు. కీబోర్డు మార్చాడు. ‘సవతి తమ్ముడు’ అని కొట్టాడు.

ఎర్ర అక్షరాలు. తప్పు.

“సరైన జవాబుగా ఏం పెట్టి ఉందో చూడు.”

“అది చూడాలన్నా లోపలికి వెళ్ళాలి కదండీ!”

“భేష్. తాళంచెవి ఇంట్లో పెట్టి తాళం వేసుకున్నట్టుంది నీ వ్యవహారం.”

మళ్ళీ ఫోన్. టీచరమ్మే. షాపావిడ స్పీకర్ నొక్కి కౌంటర్ మీద పెట్టింది.

“ఏమైందమ్మా?”

“మా బావగారు చూస్తున్నారండీ. ఆయనకీ తప్పనే వస్తోంది.”

“అయ్యో, ఆయనకీ రాలేదా? అయినా ఎప్పుడూ స్క్రూలు విప్పుకునే మనిషికి పుస్తకాలు చదివే తీరికెక్కడిది!”

బావగారి ముఖం కందగడ్డయింది.

“నేను చదవలేదా? మీరే చదివింది సగమండీ టీచరమ్మగారూ! ఆ తమ్ముడొట్టి వెర్రిబాగులవాడు. ఎవరినో కాపాడటానికి నేరం నెత్తినేసుకున్నాడు. ఈగని చంపమన్నా ఏడుస్తాడు వాడు!”

టకటకా ఏదో కొట్టాడు.

పచ్చ అక్షరాలు. స్వాగతం.

“చూశారా! పళ్ళ డాక్టరండీ, పళ్ళ డాక్టర్! చచ్చే ముందు జడ్జి పన్ను పీకించుకోలేదూ? కిటుకంతా అక్కడే ఉంది. బుర్ర పెట్టి చదవాలి!”

“పళ్ళ డాక్టరా?” టీచరమ్మ నోరెళ్ళబెట్టినట్టుంది. “ఆయన కథలో ఇలా వచ్చి అలా పోతాడు కదయ్యా!”

“అదేనండీ చదవడానికీ, చదివాననుకోవడానికీ తేడా,” అని బావగారు కుర్చీలో వెనక్కి వాలాడు.

షాపావిడ ఆ ఫోన్ పెట్టేసింది. తర్వాత రచయిత్రి నంబరు నొక్కింది.

“ఒకరు లోపలికి వచ్చారమ్మా.”

“ఎవరు?”

తన పేరు చెప్పమని బావగారు గుండె మీద వేలు పెట్టుకుని సైగ చేశాడు. రచయిత్రి దగ్గర ఆ మాత్రం మెప్పు తనకి దక్కాలి కదా! షాపావిడ ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

“పొద్దున మీరు నా చేత పెట్టించిన ప్రశ్నకి, మీ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేని ఆ ఆఖరి అధ్యాయం చదివితే గానీ తెలియని జవాబు కొట్టి లోపలికి వచ్చింది... మా బావగారమ్మా.”