ప్రాణం తీపెక్కిన ముత్తెన్న

“బ్రేకు పైపులన్నీ కొత్తయే ఎయ్యాలె. ఒక్కటి పాతది కనబడ్డా బండి ఇక్కడికెల్లి కదలది” అన్నాడు ముత్తెన్న.

లారీ కింద వెల్లకిలా పడుకున్న మెకానిక్ భూమేశ్ చేతిలోంచి పానా జారి ఛాతీ మీద పడింది. బాన్సువాడలో, బిచ్కుంద రోడ్డు పక్కన పదిహేనేళ్లుగా షెడ్డు నడుపుతున్నాడు. ముత్తెన్న నోట ఇలాంటి మాట వినడం ఇదే మొదలు.

ముత్తెన్న అంటే మామూలు డ్రైవరు కాడు. మహిపాల్ పటేలు పాత లారీని పంతొమ్మిదేళ్లుగా తోలుతున్న మహానుభావుడు. ఆ లారీకి బ్రేకులున్నాయన్నది కాగితాల మీది సంగతి. నిజంగా దాన్ని ఆపుతున్నవి గేర్లు, హారను, ఎదురుగా వచ్చేవాళ్ల మంచితనం. ఓసారి నస్రుల్లాబాద్ దగ్గర వడ్ల కుప్పలోకి ఎక్కించి ఆపాడు. మెత్తగా ఆగిందని సంతోషపడ్డాడు కూడా.

బ్రేకు ఆయిలు కారిన ప్రతిసారీ భూమేశ్ మొత్తుకునేవాడు.

“అన్నా, పైపు తుప్పు తిన్నది. మారుద్దాం.”

“గా చక్రానికి పోయే పైపు మడిచి మూసెయ్. తక్కినయి లేవా?”

అలా మూసుకుంటూ పోగా వెనక చక్రాలు రెండూ ఎప్పుడో పదవీ విరమణ చేశాయి. ఇప్పుడు ముందు చక్రాల పైపు కూడా కారడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లకు, ఇవాళ పొద్దున, ముత్తెన్నకు ప్రాణం తీపెక్కింది.

“ఏందన్నా, పానం మంచిగలేదా?” అనుమానంగా అడిగాడు భూమేశ్.

“మంచిగనే ఉంది. గట్లనే ఉండాలంటున్న.”

కబురు తెలిసి మహిపాల్ పటేలు బైకు మీద వచ్చాడు. వచ్చీ రాగానే మొదలుపెట్టాడు.

“వరికోతలు నడుస్తుంటే బండిని దవాఖానల పండబెట్టినవా ముత్తెన్నా? ఎప్పటిలెక్క మూసి తీస్కపో. సాయంత్రం లోడు ఉంది.”

“పటేలా, మనిషి పోతే మల్ల దొరకడు.”

“పంతొమ్మిదేండ్ల సంది ఎవడన్న పోయిండా?”

ఇంత గట్టి వాదనకు ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే. ముత్తెన్న మూసుకోలేదు. వెళ్లి లారీ ముందు టైరుకు అడ్డంగా కూర్చున్నాడు.

“పైపులు మారేదాంక లేవ. కావాలంటే నా మీదికెల్లి తోలు. ఆపుదామనుకున్నా అది ఎట్లాగూ ఆగది.”

పటేలు లెక్క వేసుకున్నాడు. వడ్లు కల్లంలో ఉన్నాయి, ముత్తెన్న టైరు ముందున్నాడు. చివరికి, “పొద్దు గూకే వరకు అయిపోవాలె” అని గొణిగి బైకు తిప్పాడు.

భూమేశ్ మనసు నిండిపోయింది. పదిహేనేళ్ల మొత్తుకోలుకు ఒక్కడంటే ఒక్కడు మారాడు. అసలు ఈ వృత్తిలో ఇలాంటి రోజు చూస్తాననుకోలేదు.

తుప్పు పట్టిన నట్ల మీద కిరోసిన్ పోసి నానబెట్టాడు. సగం ఊడాయి, సగం విరిగాయి. పాత పైపు పట్టుకుంటే చేతిలో సకినంలా పుటుక్కుమంది. కొత్త పైపులు వంచి, ముందు నుంచి వెనకదాకా బిగించాడు. ఆయిలు పోసి, లోపలి గాలి తీయడానికి ముత్తెన్నను పెడలు దగ్గర కూర్చోబెట్టాడు.

“తొక్కు. పట్టు. ఇగ ఇడువు.”

ఎన్నిసార్లు తొక్కమంటే అన్నిసార్లు తొక్కాడు. మామూలుగా అయితే ఈపాటికి హోటల్లో రెండో చాయ్ తాగుతుండేవాడు. ఇవాళ అన్నం కూడా షెడ్డులోనే తిన్నాడు. ప్రతి జాయింటునూ తన రుమాలుతో తుడిచి, తడి అంటిందేమోనని ఎండలో పట్టి చూశాడు. వెనక చక్రాల దగ్గరైతే పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కదలకుండా కూర్చున్నాడు.

ఎండ వాలేసరికి పని అయిపోయింది.

“అయిపాయె. ఇగ రోడ్డెక్కి తోలి చూస్కో అన్నా.”

“ఉండు. నువ్వెక్కు. రివర్సుల రా.”

ముత్తెన్న వెళ్లి లారీ వెనక షెడ్డు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. భూమేశ్ వెనక్కి తోలి బ్రేకు తొక్కాడు. లారీ బుద్ధిగా ఆగింది. తన జన్మలో అలా ఆగడం దానికే వింతగా ఉండి ఉంటుంది.

“ఇంకోసారి. జర జోరుగ రా.”

మళ్లీ ఆగింది. మళ్లీ రమ్మన్నాడు. ఐదోసారికి భూమేశ్‌కు చిర్రెత్తుకొచ్చి, ఇంజను ఆపి కిందికి దిగాడు.

“అందరు ముందుకు తోలి చూస్తరు. నువ్వేందన్నా, గోడకానుకొని ఎనక్కు తోలమంటవు? ఇన్నేండ్లు నువ్వు తోలితే ఒక్క చక్రం ఆగకున్నా నీకు ఫికర్ లేకపాయె.”

ముత్తెన్న లారీ వెనక తలుపుకూ తన పొట్టకూ మధ్య జాగాను జానతో కొలిచాడు. జానెడున్నర వచ్చింది. ఊపిరి పీల్చుకుని, అప్పుడు నోరు విప్పాడు.

“నేను తోలితే ఇప్పటికీ ఫికర్ లేదు భూమేశ్, కని రేపటి సంది పటేలు బావమరిది తోలుతడట, నన్నేమో బండి ఎనక నిలబడి ‘రానీ, రానీ’ అనమన్నడు.”