ఇరవై రెండోసారి

“ఆయన ఎవర్నీ కలవరమ్మా. వెళ్లు,” అంది కామాక్షి, సగం తీసిన తలుపు వెనక నుంచి.

“సాయంత్రం అయిదు దాకనే టైముందమ్మా. జర అయిదు నిమిషాలు మాట్లాడి పోతా,” అంది గౌతమి. బతిమాలడం ఇది మూడోసారి.

గౌతమి ఉండే నాచారం నుంచి ఈ ఉప్పల్ ఎంతని? ఆటోలో పావుగంట. ఆ పావుగంట దారికి ఆమెకు పధ్నాలుగు నెలలు పట్టింది. ఇంటర్నెట్‌లో కలిసి పనిచేసేవాళ్లకు ఇదో జబ్బు. పక్క వీధిలో ఉన్న మనిషిని కూడా ఏ జర్మనీలోనో ఉన్నాడనుకుని మెయిళ్లు రాస్తూ కూర్చుంటారు. తను మెయిళ్లు రాస్తున్న పరంధామయ్య ఉప్పల్‌లోనే ఉంటాడని నిన్న ఎవరో చెబితే తెలిసింది.

మాత్రలు లెక్కబెట్టే యంత్రాలు తయారుచేసే కంపెనీలో గౌతమి ప్రోగ్రామర్. ఆ యంత్రాలకు వాడే కంప్యూటర్ భాషను ఒకరి ముఖం ఒకరు చూడని వందమంది ఉచితంగా సాకుతున్నారు. ఆ భాషతోపాటు అందరికీ సిద్ధంగా దొరికే స్టాండర్డ్ లైబ్రరీలో మెమరీని తీసుకునే, కాపీ చేసే, తిరిగి ఇచ్చే ఫంక్షన్లు, అంటే చిన్న చిన్న కోడ్ ముక్కలు, ఏడు ఫైళ్లలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిలో ప్రమాదమైనవీ కానివీ ఒకేచోట, ఉప్పు డబ్బా పక్కన ఎలకలమందు పెట్టినట్టు! పొరపాటున ఒకదాని బదులు ఇంకోటి వాడితే నడుస్తున్న యంత్రం నిలబడిపోతుంది. గౌతమి వాటిని విడదీసి, ఒక క్రమంలో సర్ది, అర్థమయ్యే పేర్లు పెట్టింది.

కానీ ఫైలు మొదట రాసిన మనిషి సమ్మతిస్తేనే మార్పు చెల్లుతుందని అక్కడో కట్టుబాటు ఉంది. ఆ ఏడు ఫైళ్లూ రాసింది పరంధామయ్య. ఆయన నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు: “ఇంకా కాదు. మళ్లీ చూడండి.” ఈ సాయంత్రం అయిదుకి కొత్త వెర్షన్‌లోకి మార్పులు తీసుకోవడం ఆగిపోతుంది. తన మార్పు ఈసారీ చేరకపోతే వేరే ఉద్యోగం చూసుకోమని కంపెనీ తేల్చి చెప్పేసింది.

“ఎవరు కామాక్షీ?” అని లోపల్నుంచి గొంతు వినిపించింది.

కామాక్షి గత్యంతరం లేక పక్కకు జరిగింది.

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దాయన అడుగుల చప్పుడు వైపు తల తిప్పాడు. కళ్లు ఎక్కడో చూస్తున్నాయి. గౌతమి అక్కడే ఆగిపోయింది.

“చూపు పోయి రెండేళ్లయింది,” అంది కామాక్షి మెల్లగా. “మెయిళ్లు నేనే చదివి వినిపిస్తాను. ఆఫీసులో ఇద్దరం ఒకచోటే పనిచేశాం, టైపిస్టుని. నీ మెయిల్ వచ్చిన రోజే ఆయన మంచం దిగేది. గడ్డం గీసుకుంటారు, కాఫీ అడుగుతారు. మిగతా రోజులు గోడవైపు తిరిగి పడుకోవడమే.”

“మెమరీ ఫైళ్ల అమ్మాయివా!” ఆయన ముఖం విప్పారింది. “ఎంత పని చేస్తావమ్మా నువ్వు! ఒక భాగం అయిందనుకునేలోపే ఇంకో భాగం పంపిస్తావు.”

గౌతమికి ఒళ్లు మండిపోయింది.

“ఇంకో భాగం కాదు సార్, గదే పని! ఇరవై ఒక్కసార్లు పంపిన. ఇరవై ఒక్కసార్లు కాదన్నరు. ఒక్క కారణమన్న రాయలే. తప్పేందో తెల్వక ప్రతిసారి మళ్ల మొదట్నుంచి చేసిన. నాకు అసలు పనే రాదేమో అనుకుని ఏడ్సిన.”

“ఇరవై ఒక్కసార్లా?”

“అన్నీ మీ పేరు మీదనే ఉన్నయి.”

పరంధామయ్య ముఖం నెమ్మదిగా భార్య నిలబడిన వైపు తిరిగింది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. కామాక్షి కదల్లేదు.

“తోచక నా బతుకుతోని ఆడుకున్నరా సార్? నా మెయిళ్లు బందైతయని గిట్ల చేసిన్రా?”

ఆయన ముఖం తిరిగి గౌతమి వైపు తిప్పాడు.

“అవునమ్మా,” అన్నాడు. “ముసలివాణ్ని. నువ్వు రాయడం మానేస్తావని భయపడ్డాను. తప్పు నాదే.”

దారి పొడవునా కూడబెట్టుకొచ్చిన తిట్లు గౌతమి నోటిదాకా వచ్చాయి. అలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిని ఏమని తిడుతుంది?

“కామాక్షీ, టైపు చెయ్యి. ‘సమ్మతం. పని చాలా బాగుంది.’ ఈ అమ్మాయి ఒకసారి చదువుకున్నాక పంపు.”

కామాక్షి లాప్‌టాప్ ముందు కూర్చుంది. నాలుగు మాటలు టైపు చేయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. గౌతమి తెర మీదికి వంగి చదివింది. నాలుగూ ఇరవైకి మెయిల్ వెళ్లిపోయింది. ఉద్యోగం నిలబడింది. గెలిచానన్న సంతోషం మాత్రం గౌతమికి ఎక్కడా దొరకలేదు.

“ఇంకెవల్లకు గిట్ల చెయ్యకున్రి సార్,” అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

కామాక్షి తలుపు వేసి, ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

“రేపట్నుంచి మిమ్మల్ని ఏం చెప్పి లేపను?”

ఆయన ముందుకు వంగాడు. తడుముకుంటూ ఆమె తలమీద చెయ్యి వేశాడు.

ఇరవై ఒక్కసార్లూ ఆయన ఆమెను టైపు చెయ్యమని చెప్పింది “సమ్మతం” అనే.