నైటు డ్యూటీ నిద్ర

"అరవకే పోతమ్మా! మావోడు నైటు సేసొచ్చి పడుకున్నాడు."

గుమ్మంలో నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ దీవెనమ్మ కళ్ళెర్రజేసింది. చేపల పోతమ్మ సగం కేకను అక్కడే మింగేసి, తట్ట సర్దుకుని, వీధి చివరికెళ్ళి మిగతా సగం అరిచింది.

మల్కాపురంలో ఆ వీధి నిండా పోర్టువాళ్ళూ రిఫైనరీవాళ్ళూనూ. అక్కడ పగటి నిద్ర హక్కు రాత్రి డ్యూటీ చేసొచ్చిన మగవాడిదే. అతని కోసం రేడియోలు గొంతు తగ్గిస్తాయి, గోలీలాడే పిల్లలు పక్క వీధికి పోతారు. ఇంకెవరైనా పగలు నడుం వాల్చారని తెలిస్తే మాత్రం కుళాయి దగ్గర వాళ్ళకో పేరు పడుతుంది. పురిటి నీరసంతో మధ్యాహ్నాలు పడుకుంటున్న సూరన్న కోడలికి 'మహారాణి' అని పేరు పెట్టింది దీవెనమ్మ పక్కింటి కాంతమే. ఆ పిల్ల ఇప్పటికీ ఎవరి కంటా పడకుండా చీకటితోనే నీళ్ళు పట్టుకుపోతోంది. పేరు పెట్టిన రోజు కుళాయి దగ్గర అందరూ పగలబడి నవ్వారు. దీవెనమ్మ కోడలు జయశీల ఒక్కతే నవ్వలేదు.

కాంతం మనసు చెడ్డది కాదు. నోరే మనసుకన్నా నాలుగడుగులు ముందు నడుస్తుంది.

"అవునుగాని పిన్నీ," అంది పక్క గుమ్మంలోంచి. "మా ఆయనకి వారం నైటైతే వారం పగలు. మీవోడికేటి, ఎప్పుడూ నైటేనా?"

"ఓటీ సేత్తన్నాడు. నీకేటే బాధ?"

"సైకిలు బయట కనబడదేటి మరి?"

"ఎండకి టైర్లు పేలిపోతాయని పెరట్లో ఎట్టించాను."

"మేం మాటాడితేనే సెడిపోయే నిద్ర, నువ్వు కోడల్ని అన్నేసి తిట్లు తిడితే సెడిపోదా?"

"నా తిట్లు ఇనబడితేనే మా ఇంట్లో నిద్ర పడతాదే!"

దీవెనమ్మ తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసింది. కాసేపటికి పెరట్లో గిన్నెల మోత మొదలైంది. మనిషెత్తు తాటాకు దడి దాటి ఆమె గొంతు వచ్చింది.

"ఏటే జయశీలా, ఆ మాడు అలాగే ఉందేటి? గట్టిగా తోము! సేతుల్లో సత్తువ నేదా? మీ యమ్మ నేర్పనేదా?"

కాంతం దడి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. మొన్న వానాకాలంలోనే గదా జయశీల గుండెజబ్బుతో నెల్లాళ్ళు పెద్దాసుపత్రిలో ఉండొచ్చింది! "కాసేపు పని, కాసేపు పడక అన్నారొదినా," అని జయశీలే చెప్పింది. "ఉన్న ఓపిక సూసుకుని వాడుకోవాలట. ఒళ్ళు పులిసేలా పనిసేత్తే మళ్ళీ మంచమేనట. ఈసారి దిగడం కష్టమట." తన సంగతి కానట్టు నవ్వుతూ చెప్పింది.

పగలంతా ఆ పిల్ల కంటబడదు. సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్ళేటప్పుడు మాత్రం మొహం కడిగిన పువ్వులా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు చెప్పు సర్దుకుంటున్నట్టు, జడ చూసుకుంటున్నట్టు దారి పొడుగునా ఆగుతుంది. ఇంటికి రావడానికి భయం కాబోలు పాపం, అనుకునేది కాంతం. ఒకసారి ఉండబట్టలేక అడిగింది కూడా.

"మీ అత్త అలా రాచి రంపాన పెడతంటే ఎలాగే?"

జయశీల తల దించుకుంది. "మా అత్త సంగతి మీకు తెలీదొదినా."

ఆ మాట తలుచుకున్నప్పుడల్లా కాంతానికి రాత్రి అన్నం సయించేది కాదు. ఇలాగే సాగితే ఆ పిల్ల క్రిస్మస్ పాట పాడేదాకా ఉంటుందా? ఇవాళ ఆ పిల్ల మొగుడు సుందర్ రాజ్ నిద్ర లేవగానే అడిగెయ్యాలి. భార్యను బతికించుకుంటాడో, తల్లికి బలిస్తాడో తేల్చుకోమనాలి.

ఈలోగా కిరసనాయిలు తెచ్చుకుందామని డబ్బా పట్టుకుని వెనక సందులోకి తిరిగింది. ఎదురుగా సైకిలు. సైకిలు మీద గ్రీజు మరకల ఖాకీ చొక్కాతో, హేండిలుకి టిఫిను కేరేజీతో సుందర్ రాజ్.

"తమ్ముడూ! నువ్వు లోపల పడుకున్నావు కదేటి!"

సుందర్ రాజ్ గబుక్కున సైకిలు దిగాడు. "అప్పా... మెల్లిగా..."

"డ్యూటీ నుంచేనా రావడం?"

"ఊఁ. నాకిప్పుడు పొద్దుటి షిఫ్టే. సీకటితో పోతన్నాను."

"మరి పొద్దుట్నించీ లోపల పడుకున్నదెవరు?"

అతను నాలిక్కరుచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. "మాయమ్మే... నా పేరు సెప్పి..."

మిగతాది చెప్పనివ్వలేదు కాంతం. ఆమెకు అంతా వెలిగిపోయింది. "ఓహో! నీ పేరు సెప్పి మంచమెక్కేది ముసలమ్మా! పడుకున్న సోటునుంచి లేవకుండా ఆ పిల్లని తిట్టి పని సేయిత్తందా! ఉండు, మహారాణి పేరు ఎవరికెట్టాలో ఇప్పుడు తెలిసింది!"

"అది కాదప్పా, ఆగు..."

ఆగడం కాంతానికి పుట్టుకతో లేదు. డబ్బా అక్కడే పడేసి, కొంగు బిగించి, దీవెనమ్మ పెరటివైపు నడిచింది. వెనకాలే సైకిలు తోసుకుంటూ సుందర్ రాజ్. దడి అవతల తిట్లు జోరుగా సాగుతున్నాయి.

"ఇంకా అవ్వనేదేటే జయశీలా? పొద్దుట్నించీ అయ్యే గిన్నెలు! నిన్ను మీ పుట్టింటికి అంపీమంటావా?"

ఇవాళ ఈ ముసలమ్మో తనో తేలిపోవాలి. కాంతం పెరటి తలుపు ఒక్క తోపు తోసింది.

తొట్టి దగ్గర దీవెనమ్మ ఒక్కతే కూర్చుని, మోచేతుల దాకా బూడిదతో, అంట్లు తోముతూ కోడల్ని తిడుతోంది.