తువ్వాలుకి డబ్బిచ్చిన మనిషి

"తువ్వాలొకటి ఇప్పించండి."

తాడితోట బట్టల మార్కెట్లో గున్నేశ్వరరావు కొట్టుకి ఆ పూట అదే మొదటి బేరం. అయినా గున్నేశ్వరరావు తలెత్తలేదు.

ఫోన్లో మెయిల్ చూస్తూ కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. చూసినకొద్దీ ఒంట్లో ఓపిక పోతోంది.

పన్ను బకాయి ఉందట. మధ్యాహ్నంలోగా లింకు నొక్కి బ్యాంకు వివరాలు ఇవ్వకపోతే ఖాతా ఆపేస్తారట. పైన మూడు సింహాల ముద్ర. అడుగున 'జానకిరామ్, ఇన్‌కమ్‌టాక్స్ ఆఫీసర్' అని పేరు.

ఆ ఖాతాలో ఉన్నది భార్య మోకాళ్ల ఆపరేషన్ డబ్బు. సోమవారం కాకినాడ ఆసుపత్రిలో కట్టాలి. ఆ భార్య మీనాకుమారి గల్లాపెట్టె పక్కనే కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్లు బాగైతే కోరుకొండ గుడి మెట్లెక్కుతానని మొక్కుకుంది కూడా.

"ఆడిటర్ గారేమన్నారండి?" అంది.

"ఫోనెత్తితే కదా అనడానికి! మనకి అవసరం పడ్డ రోజే ఆయనకి తిరుపతి దర్శనం దొరుకుతుంది."

ఆవిడే లేవలేక లేచి తువ్వాలు తీసిచ్చింది. వచ్చినాయన యాభై దాటిన మనిషి. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. చెప్పుల నిండా దుమ్ము. తువ్వాలుతో ముఖం తుడుచుకుని మెడలో వేసుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. ఆడిటర్ మాట విని అడుగుతున్నాను, మీకూ ఇన్‌కమ్‌టాక్స్ పేరు మీద మెయిల్ వచ్చిందాండి?"

"మీకెలా తెలుసు?"

"ఊళ్లో చాలామందికి వచ్చిందండి. నేను ఆ ఆఫీసులోనే పనిచేస్తాను."

గున్నేశ్వరరావు ఒక్క ఉదుటున లేచాడు.

"అయ్యయ్యో, నిలబడే ఉన్నారేంటండి! కూర్చోండి, కూర్చోండి." ఫ్లాస్కులో తన కోసం తెచ్చుకున్న మజ్జిగ గ్లాసులోకి వంపాడు.

"మజ్జిగ వద్దండి. తువ్వాలెంత?"

"మీ దగ్గర డబ్బులేంటండి! ఇంకో రెండు పట్టుకెళ్లండి, ఇంట్లోకి పనికొస్తాయి."

ఆయన తువ్వాలు అంచుకున్న చీటీ మీద ధర చూసి, అంతా లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. మజ్జిగ ముట్టుకోలేదు.

గున్నేశ్వరరావుకి అనుమానం పుట్టింది అక్కడే. తండ్రి పెట్టిన కొట్టు అది. ఆఫీసర్నని చెప్పి గడప తొక్కినవాడెవడూ బట్టకి డబ్బిచ్చిన పాపాన పోలేదు. ఇస్తానన్నా పుచ్చుకున్న పాపాన ఈ కొట్టూ పోలేదు.

"ఆ లింకు మాత్రం నొక్కకండి," అన్నాడాయన. "ఏ చిరునామా నుంచి వచ్చిందో ఓసారి చూడండి. చివర గవ్ డాట్ ఇన్ ఉండదు. పాస్‌వర్డులూ ఓటీపీలూ మేం అడగమండి. నిజంగా నోటీసుంటే, పోర్టల్లోకి మీరే వెళ్లి చూసుకోవచ్చు."

"కింద జానకిరామ్ గారి పేరుందిగా!"

"ఆయన పంపలేదండి."

"ఆయనొచ్చి మీకు చెప్పారా?"

ఆ మనిషి ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"కార్డులు ఎవరైనా అచ్చేయించుకుంటారులెండి. నకిలీ ఆఫీసర్ల సంగతి రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. ముందు అక్కడ కట్టొద్దంటారు. తర్వాత మా చేతికివ్వండి, మేం చూసుకుంటామంటారు. అంతేనా?"

"నేను డబ్బులేమీ అడగలేదండి."

"అడక్కపోగా ఎదురిచ్చారు. అదే కదా నా అనుమానం! ఇక దయచెయ్యండి. లేకపోతే ఆ జానకిరామ్ గారికే ఫిర్యాదు చేస్తాను."

ఆయన నీరసంగా నవ్వాడు.

"చెయ్యండి. రెండో అంతస్తులో ఉంటారు. లింకు మాత్రం నొక్కకండి."

ఎండలోకి దిగి పక్క కొట్టు వైపు నడిచాడు.

"మంచివాడిలాగే ఉన్నాడండి. ఓసారి ఆ చిరునామా ఏదో చూడకూడదూ?" అంది మీనాకుమారి.

"నీకు తెలీదు, ఊరుకో. ఆఫీసరైతే తువ్వాలుకి డబ్బిస్తాడా ఎక్కడైనా?"

మధ్యాహ్నం కావస్తోంది. ఖాతా ఆగిపోతే ఆపరేషన్ ఆగిపోతుంది. ఆ భయమే గున్నేశ్వరరావు చేత లింకు నొక్కించింది. అడిగినవన్నీ కొట్టాడు. ఓటీపీ కూడా కొట్టాడు. హమ్మయ్య అనుకుని, ఆ మనిషి తాగని మజ్జిగ తనే తాగాడు.

గ్లాసు కింద పెట్టేలోగా ఫోన్ కుయ్యిమంది.

ఖాతా ఖాళీ.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఖాళీయే.

మీనాకుమారి ఫోన్ తీసుకుని తనూ చూసింది. మోకాళ్ల మీద చేతులు వేసుకుని కూర్చుండిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది గున్నేశ్వరరావుకి. ఆవిడ ముఖం చూడలేక ఆటో ఎక్కాడు.

ఇన్‌కమ్‌టాక్స్ ఆఫీసు రెండో అంతస్తు వరండాలో, నీళ్ల క్యాన్ దగ్గర, పొద్దుటి మనిషి నీళ్లు తాగుతున్నాడు. మెడలో అదే తువ్వాలు.

"బాబ్బాబు, మీరు నిజంగా ఇక్కడివారేనా! మీ మాట వినలేదండి. నొక్కేశాను. మా ఆవిడ ఆపరేషన్ డబ్బండి, మొత్తం పోయింది."

ఆయన కోప్పడలేదు. తన ఫోన్లోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 నొక్కి చేతికిచ్చాడు.

"ముందు వీళ్లకి చెప్పండి. తర్వాత బ్యాంకుకి. పోయినదాంట్లో ఎంత ఆగుతుందో చెప్పలేనుగానీ, ఆలస్యం చేస్తే అదీ ఉండదు."

గున్నేశ్వరరావు ఇద్దరికీ చెప్పాడు. ఫోన్ తిరిగిచ్చేస్తూ ఆయన చెయ్యి వదల్లేదు.

"జానకిరామ్ గారు ఎక్కడుంటారో చూపించండి. ఆయన పేరు చూసే నమ్మానండి. కాళ్లయినా పట్టుకుంటాను."

"ఆ పేరు చూసే అందరూ నమ్ముతున్నారండి. అందుకే ఒక పూట సెలవు పెట్టి కొట్టుకొట్టుకీ తిరిగాను."

"మరి పొద్దున్న మీ పేరైనా చెప్పలేదేంటండి?"

"మీకంటే ముందు వెళ్లిన కొట్లలో, అప్పటికే డబ్బు పోయినవాళ్లకి, నేనే జానకిరామ్‌నని చెప్పానండి," అన్నాడాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "కొట్టడానికొచ్చారు."