ఈ ఏడే పూసేవి

“చిన్నవి కొని మూడేళ్ళు నోరు తెరుచుకుని చూస్తూ కూచుంటావా, అక్కా?” అన్నాడు తమ్ముడు.

పొద్దుట్నుంచీ అదే గొడవ. అక్క నర్సరీ నుంచి మచ్చుకి రెండు లిల్లీ దుంపలు తెచ్చి, భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి పెట్టింది. ఒకటి గోలీకాయంత, రెండోది గుప్పెడంత. పెద్దది నాటితే ఈ ఏడే పూస్తుంది. చిన్నది రెండేళ్ళు ఆకులే వేస్తూ, మట్టిలో నెమ్మదిగా ఒళ్ళు చేసుకుని, మూడో ఏట గానీ పూయదు.

అక్కకి చిన్నవే కావాలి. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి, తన వాటా తమ్ముడికి రాసిచ్చేసి, వెనక గదిలో ఉంటోంది. మూడేళ్ళకి పూసేవాటిని ఎవరూ కాదనకపోతే, అన్నాళ్ళూ తను ఇక్కడ ఉన్నట్టే కదా అని ఆవిడ ఆశ. ఆ మాట మింగేసి, పెద్దవి ఖరీదని మాత్రం అంది.

“ఖరీదు సంగతి నాకొదిలెయ్. ఈ ఏడే పూలు చూద్దువుగాని.”

మరదలు నవ్వింది. “బొత్తాం ఊడితే పిన్నీసుతో సరిపెట్టుకునే మనిషి ఈయన. మీ అదృష్టం, వదినా.”

అక్క చిన్న దుంపని పక్కకి పెట్టేసింది. ఇన్నాళ్ళూ వీణ్ణి అనవసరంగా అనుమానించాననుకుంది.

తమ్ముడు బుట్టెడు పెద్ద దుంపలు తెచ్చాడు. అక్క ఒక్కోదాన్నీ నొక్కి చూసి, మెత్తబడ్డవి ఏరి పారేసింది. తన కిటికీ కింద నాటుకుంటానంటే మాత్రం అతను ఒప్పుకోలేదు. గేటుకి అటూ ఇటూ, వీధిలోంచి కనపడేట్టు పెట్టమన్నాడు. ఆ ఊపులోనే గేటు బాగుచేయించి, గోడలకి రంగు కొట్టించాడు. ఇంటికి కళ వచ్చిందని అక్క పొంగిపోయింది. నడుం పట్టేసినా నీళ్ళు మోయడం మానలేదు.

లిల్లీలు విరగబూశాయి. ఒక్క కాడ గదిలో పెట్టుకుందామని అక్క కత్తెర తీస్తే, “కొయ్యకు. అక్కడుంటేనే అందం,” అన్నాడు తమ్ముడు.

ఆ పూట భోజనాలకి అందరూ కూచున్నారు. దుంపల పక్కన పుట్టే పిల్లల్ని విడదీసి, వచ్చే ఏడు తన కిటికీ కింద వేసుకుంటానని అక్క మేనకోడలికి చెప్పుకుపోతోంది. మరదలు కంచంలోంచి తలెత్తలేదు. తమ్ముడు చెయ్యి కడుక్కొచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ, అందరి వైపూ ఓసారి చూసి నెమ్మదిగా చెప్పాడు.

“ఇల్లు కొనేవాళ్ళు రేపు చూడ్డానికొస్తున్నారు.”