రాసినోడి పేరు

"హాస్టల్ అన్నం మీద రాసినోడు ఎవడు?" అని అడిగిండు ప్రిన్సిపాల్.

"చెప్ప సార్."

"పత్రికకు ఎడిటర్‌వి నువ్వేనాయె. నీకు తెల్వదా?"

"తెలుసు సార్. కానీ చెప్ప."

రాజలింగు ఆ గదినుంచి బయటికొచ్చిండు. తల దించలే. సాయంత్రానికి ఈ ముచ్చట కాలేజీ అంతా తెలిసింది. తెలవకపోతే తనే తెలిసేటట్టు చేసేటోడు, అది వేరే సంగతి.

మానేరు కాలేజీ విద్యార్థుల పత్రిక పేరు 'మానేరు మాట'. పత్రిక అన్నంత మాత్రాన పెద్ద అచ్చాఫీసు ఏం లేదు. లైబ్రరీ వెనుక ఇరుకు గది, చేత్తోని తిప్పి కాపీలు తీసే ఒక పాత సైక్లోస్టైల్ మిషన్, నెలకు ఎనిమిది పేజీలు. బి.ఏ. ఆఖరు సంవత్సరం రాజలింగు దానికి ఎడిటర్. చేతులకంటిన సిరా కడుక్కోకుండనే క్లాసుకు పోతడు. నలుగురూ చూడాలె కదా.

ఆ గదికొక కట్టుబాటు ఉంది. రాసినోళ్లు పేరు వద్దంటే ఆ పేరు గడప దాటొద్దు. చేతిరాత పట్టిస్తదని, ఎవరేం రాసినా, పత్రిక పనిల తోడుండే ఎలీసబెతే తన గుండ్రటి అక్షరాలతోని స్టెన్సిల్ మైనం కాగితం మీదికి ఎక్కిస్తది. ఆ తర్వాత అసలు కాగితాన్ని రాజలింగే అగ్గిపుల్ల గీసి కాలుస్తడు. అట్ల రెండేండ్లు నడిచింది. ఒక్క పేరూ బయటపడలే.

ఈసారి రాసింది కొండల్. నస్పూర్ దిక్కు బొగ్గుబాయిలో పనిచేసేటోళ్ల కొడుకు. వాళ్లింట్ల బడి మొకం చూసింది ఆయనొక్కడే. హాస్టల్‌లో ఉచితంగా సీటు దొరికింది గనుక చదువుతుండు, లేకపోతే ఎప్పుడో బాపు వెనుక బాయిలోకి దిగేటోడు. "మేం తినేది అన్నం కాదు, రాళ్లల్ల ఏరుకున్న మెతుకులు" అని మొదలుపెట్టి, బియ్యం సప్లై చేసే కాంట్రాక్టరు ప్రిన్సిపాల్‌కు బావమర్ది అయితడనేదాకా రాసిండు. ఇచ్చేటప్పుడు రాజలింగు చేయి పట్టుకున్నడు.

"అన్నా, నా పేరు తెలిస్తే సీటు పోతది. సీటు పోతే చదువు పోయినట్టే."

"నా మీద ఇడిసిపెట్టు. ఫికర్ చేయకు," అన్నడు రాజలింగు.

ప్రిన్సిపాల్ అడిగిన తెల్లారి, మూడో గంట నడుస్తుంటే అటెండర్ హనుమండ్లు చీటీ పట్టుకొని క్లాసుకు వచ్చిండు. కొండల్‌ను ప్రిన్సిపాల్ సార్ రమ్మంటుండు అన్నడు. పోయిన కొండల్ మళ్ల క్లాసుకు రాలే. గంట కొట్టినంక రాజలింగు హాస్టల్‌కు ఉరికిండు. కొండల్ కండ్లు తుడుచుకుంట, సంచి పట్టుకొని బస్టాండు దిక్కు పోయిండని, పిలిచినా ఆగలేదని పక్క గదిలోని పిల్లలు చెప్పిండ్రు.

ఇగ సీటు పోయినట్టే అనుకున్నడు రాజలింగు. ఆ పేరు తెలిసింది ముగ్గురికే. తను చెప్పలే. కొండల్ తన నోటితోని తను చెప్పుకోడు. ఇగ మిగిలింది ఎవరు?

ఎలీసబెతు మేనమామ దేవసహాయం కాలేజీ ఆఫీసులోనే క్లర్కు. ఆ సంగతి అందరికీ ఎరుకే. రెండేండ్లల్ల రాజలింగు ఒక్కనాడు కూడా దాన్ని పట్టించుకోలే. ఇయ్యాల అదొక్కటే కనబడ్డది.

ఆమె గదిలో కూర్చొని వచ్చే నెల సంచికకు స్టెన్సిల్ రాస్తున్నది.

"ఎంతకు అమ్మినవు కొండల్‌ను?" అన్నడు వస్తూనే.

ఎలీసబెతు తల ఎత్తింది. "ఏమంటున్నవన్నా?"

"పాపం, ఏం ఎరుగవు! మీ మామ ఆఫీసుల కూసుంటడు. నువ్వు ఇంట్ల నోరు జారినవ్. పొద్దుగాల ఆ పిలగాన్ని ఎల్లగొట్టిండ్రు."

"ఎల్లగొట్టిండ్రా? ఎవరన్నరు?"

"ఎవలో చెప్పాల్నా? ఏడ్సుకుంట బస్టాండుకు పోయిండు."

"మామతోని నేనొక్క మాట అనలే. జర ఆగన్నా, పోయి అసలేమైందో అడిగొస్త."

"అడిగేదేం లేదు. ముచ్చట్లు మోసినకాడికి చాలు."

రెండేండ్లు ఆమెను చెల్లె అని తప్ప పిలవనోడు, ఆనాడు పేరు పెట్టి, "ఎలీసబెతూ, రేపటిసంది ఈ గదికి రాకు," అన్నడు. ఆమె చేతిలోని ఇనుప కలం బల్ల మీద పెట్టింది. కొంగుతోని మొకం తుడుచుకొని వెళ్లిపోయింది.

నమ్మినోళ్లే గొంతు కోసిండ్రని రాజలింగుకు ఏడుపొచ్చింది. ఏడుస్తే ఏమొస్తది? కొండల్ సీటు వాపసు తేవాలె. సీదా ప్రిన్సిపాల్ గదికి నడిచిండు. హనుమండ్లు అడ్డమొస్తే పక్కకు నెట్టి లోపలికి పోయిండు.

"సార్, ఇది అన్యాయం," అన్నడు నిలబడే. "కొండల్ రాసిన దాంట్ల అబద్ధం ఒక్కటుంటే చూపెట్టుండ్రి. ఆకలైనోడు అన్నం గురించి రాస్తే కాలేజీనుంచి ఎల్లగొడతరా? గరీబోళ్ల పిలగాడు సార్. శిక్ష ఏయాల్నంటే ఎడిటర్ను నేనున్న, నాకేయుండ్రి. వాని సీటు వానికియ్యుండ్రి."

అంతా అయినంక ప్రిన్సిపాల్ కుర్చీ చూపెట్టిండు. రాజలింగు కూర్చోలే. ఆయన కలం మూత తీసి, ముందరున్న కాగితం మీద ఏదో రాసుకున్నడు. కోపమేం కనబడలే. రాజలింగుకు కొంచెం ధైర్యం వచ్చింది.

"వాళ్ల బాపుకు బాగలేదని పొద్దున తంతి వస్తే, సెలవిచ్చి ఇంటికి పంపిన," అన్నడు ప్రిన్సిపాల్, "అది రాసింది కొండలే అన్న సంగతి మాత్రం ఇప్పుడు నీ నోటినుంచే వింటున్న."